గల్ఫు ప్రయాణము: బయలుదేరుటకు ముందు వేయవలసిన లెక్క



నూలు నంబర్లు, రంగులు, సంఘపు పద్దులు మొదలగు విషయములను గురించి ఈ పత్రికలో పాఠములు వచ్చుచున్నవి. ఈసారి పాఠము మగ్గమును గురించినది కాదు. మగ్గము విడిచి, మిల్లు విడిచి, సముద్రము దాటి పోవు మనవారిని గురించినది. కామాటిపుర గల్లీలలో గాని, వర్లీ, లోయర్ పరేల్ చాళ్లలో గాని, భివండీలో గాని "మా తమ్ముడు దుబాయి పోయినాడు" అను మాట వినని తెలుగు ఇల్లు అరుదు. పోవలెనా, వద్దా అని చెప్పుట ఈ పాఠము ఉద్దేశము కాదు. పోయి బాగుపడినవారు కలరు. పోయి చెడినవారును కలరు. ఈ ఇద్దరికి నడుమ తేడా అదృష్టములో కంటె, బయలుదేరిన నాటి అప్పులోనే ఎక్కువగా ఉన్నది. ఆ సంగతిని లెక్క వేసి చూపుటయే ఈ పాఠము పని.

1. మన వలసల వరుస

వలస మనకు క్రొత్త కాదు. నైజాము తెలుగు జిల్లాలనుండి పంతొమ్మిదవ శతాబ్దిలో బొంబాయికి వచ్చి, ఇండ్లు, రోడ్లు కట్టు పనులు చేసిన మనవారిని ఇచ్చటివారు కామాటీలు అన్నారు. వారు స్థిరపడిన పేట కనుకనే దీనికి కామాటిపుర అని పేరు. బొంబాయిలో మొదటి నూలు మిల్లు కంపెనీ 1854లో ఏర్పడి, 1856లో పని ప్రారంభించినది. మిల్లులు పెరిగినకొలది కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు ప్రాంతముల పద్మశాలి కుటుంబములు పల్లెలలో మగ్గము కట్టిపెట్టి, ఇచ్చట మిల్లు ఖాతాలలో చేరినవి. బద్లీ పనితో మొదలుపెట్టి, పర్మనెంటు అయి, పగడీ ఇచ్చి ఒక ఖోలీ సంపాదించుకొనుట ఆ తరమువారి జీవితాశయము.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వమున మిల్లు సమ్మె ఆరంభమైనది. సుమారు 2,50,000 మంది కార్మికులు పని ఆపినారు. ఆ సమ్మె తరువాత అనేక మిల్లులు మరల సరిగా నడువలేదు, క్రమముగా మూతపడినవి. మిల్లు మీద ఆధారపడిన ఇండ్లు కొన్ని భివండీ సాంచాలకు, కొన్ని కుట్టుపనికి, కొన్ని బీడీలకు మళ్లినవి. కొన్ని ఇండ్ల పిల్లలు పాస్‌పోర్టు తీసికొన్నారు. తాత మగ్గము, తండ్రి మిల్లు, కొడుకు గల్ఫు - ఇది ఎన్నో ఇండ్లలో కనబడు వరుస.

ఈ వరుసలో ఒక భేదము గమనింపవలెను. తాత బొంబాయికి వచ్చుటకు కావలసినది రైలు టిక్కెట్టు మాత్రమే. పని దొరకనిచో మరునాడు తిరిగి పోగలిగినాడు. మనుమడు గల్ఫుకు పోవుటకు లక్షలలో అప్పు కావలసివచ్చుచున్నది. అప్పు తీరువరకు తిరిగి రాలేడు. ఈ రెండు వలసలు ఒకటి కావు.

2. చమురు దేశములకు పనివారు ఏల కావలసివచ్చినారు

గల్ఫు దేశములకును బొంబాయికిని వ్యాపార సంబంధము చాల పాతది. ఒకప్పుడు అక్కడ మన రూపాయియే చెల్లెడిది. 1959లో రిజర్వు బ్యాంకు ఆ ప్రాంతముల కొరకు వేరుగా గల్ఫు రూపాయి నోట్లు విడుదల చేసినది. కువైట్ 1961లో తన సొంత దీనారును తెచ్చుకొన్నది. 1966 నాటికి తక్కిన ఎమిరేట్లును రూపాయిని విడిచిపెట్టసాగినవి.

1973 అక్టోబరులో అరబ్బు, ఇజ్రాయెల్ యుద్ధము వచ్చినది. అరబ్బు దేశములు చమురు సరఫరా తగ్గించినవి. అంతకు ముందు పీపా ఒక్కింటికి సుమారు 3 డాలర్లున్న ధర 1974 ఆరంభమునకు 12 డాలర్లకు దగ్గరగా పెరిగినది. ఆ ధనముతో ఆ దేశములు రోడ్లు, రేవులు, ఆసుపత్రులు, నగరములు కట్టనారంభించినవి. ధనము కలదు, జనము తక్కువ. అందుచేత మన దేశమునుండియు, ఇరుగుపొరుగు దేశములనుండియు పనివారిని పిలిపించుకొన్నారు. నేడు ఆరు గల్ఫు దేశములలో సుమారు 90 లక్షల మంది భారతీయులు ఉన్నారు. వారును, ఇతర దేశములలోని మనవారును కలిసి 2022లో మన దేశమునకు పంపిన సొమ్ము పదివేల కోట్ల డాలర్లు దాటినది.

అయితే పిలిపించుకొనుటకు ఒక పద్ధతి పెట్టుకొన్నారు. దానిని కఫాలా అందురు. పనివానికి అక్కడ ఒక జామీనుదారు, అనగా కఫీలు ఉండవలెను. వీసా ఆయన పేర వచ్చును. పని మారవలెనన్నను, కొన్నిచోట్ల దేశము విడువవలెనన్నను ఆయన ఒప్పుకొనవలెను. ఈ పద్ధతిని ఇటీవల కొన్ని దేశములు సడలించినవి. ఖతరు దేశము పని మారుటకు యజమాని అనుమతి అవసరము లేదని 2020లో శాసించి, 2021 మార్చి నుండి నెలకు కనీసము 1,000 రియాళ్ల జీతము నిర్ణయించినది. యజమాని తిండి ఇవ్వనిచో 300, వసతి ఇవ్వనిచో 500 రియాళ్లు అదనముగా ఇవ్వవలెను. శాసనములు మంచివే. కాని మెడ మీద అప్పు ఉన్నవాడు శాసనమును ఉపయోగించుకొనుటకు జంకును. యజమానితో తగవు పెట్టుకొన్నచో జీతము ఆగును, జీతము ఆగినచో ఇంటివద్ద వడ్డీ ఆగదు. కఫీలు కంటె ముందు పనివానిని కట్టివేయునది ఇంటివద్ద తెచ్చిన అప్పే.

3. అప్పు లెక్క

ఇటీవల ఒక సభ్యుని ఇల్లాలు సంఘము కార్యాలయమునకు వచ్చినది. భర్త భివండీలో సాంచాల మీద పనిచేయువాడు. "సెక్రటరీ అన్నా, లక్షన్నర తెస్తేనే వీసా అంటున్నరు. ఖోలీ పావతీ పెట్టుకొని ఇస్తనంటున్నడు సేటు. రెండేండ్లల అప్పు తీరుతదట. నిజమేనా?" అని అడిగినది. ఆమె యెదుటనే కాగితము మీద లెక్క వేసినాము. ఆ లెక్క అందరకును పనికివచ్చునది గనుక ఇచ్చట ఇచ్చుచున్నాను.

ఏజంటు చెప్పిన జీతము మన రూపాయలలో 25,000. అందులో అక్కడి తిండికి 6,000, ఫోను, బట్ట, మందు మొదలగు చిల్లర ఖర్చులకు 2,000, అక్కరకు చేతిలో ఉంచుకొనునది 2,000. ఇంటికి పంపగలిగినది 15,000. ఇల్లాలి కుట్టుపని సంపాదనకు తోడుగా ఇంటి ఖర్చుకు 8,000 పోగా, అప్పుకు కట్టగలిగినది నెలకు 7,000.

అప్పు 1,50,000. వడ్డీ నూటికి మూడు రూపాయలు. మూడు రూపాయలన్న మాట చెవికి చిన్నదిగా వినబడును. నెలకు మూడు అనగా సంవత్సరమునకు నూటికి 36 అని మరువరాదు.

మొదటి నెల వడ్డీ 4,500. కట్టిన 7,000లో అసలుకు పోయినది 2,500 మాత్రమే. రెండవ నెల అసలు 1,47,500, వడ్డీ 4,425, అసలుకు పోయినది 2,575. ఈ విధముగా ఒక్క నెలయు తప్పకుండ కట్టుచు పోయినచో, సంవత్సరము చివరకు కట్టిన మొత్తము 84,000. అందులో వడ్డీక్రింద పోయినది సుమారు 48,500. ఇంకను మిగిలిన అప్పు సుమారు 1,14,500.

రెండు సంవత్సరములు ముగిసినవి. కంట్రాక్టు ముగిసినది. కట్టిన సొమ్ము 1,68,000. అనగా తెచ్చిన అప్పు కంటె ఎక్కువయే కట్టినాడు. అయినను ఇంకను సుమారు 64,000 బాకీ ఉన్నది. అప్పు పూర్తిగా తీరుటకు 35 నెలలు పట్టును. రెండేండ్ల వీసా మీద పోయినవాడు దాదాపు మూడేండ్ల అప్పు తలకెత్తుకొన్నాడు. జబ్బు చేయలేదని, జీతము ఆలస్యము కాలేదని, చెప్పిన జీతమే ఇచ్చినారని అనుకొని వేసిన లెక్క ఇది. మొదటి రెండు నెలలు జీతము అందకున్నచో, పని మొదలుపెట్టక ముందే 9,000 వడ్డీ పెరిగియుండును.

ఇప్పుడు రెండవ లెక్క. అదే మనిషి, అదే జీతము. కాని చట్టప్రకారము రిజిస్టరు అయిన ఏజంటు ద్వారా, న్యాయమైన రుసుము మీద పోయినాడు. రుసుము, వైద్య పరీక్ష, పాస్‌పోర్టు, ప్రయాణపు చిల్లర ఖర్చులు అన్నియు కలిపి 60,000 అనుకొందము. అదే మూడు రూపాయల వడ్డీకి తెచ్చినను, నెలకు 7,000 చొప్పున పది నెలలు కట్టి, పదకొండవ నెలలో 400 కట్టినచో అప్పు తీరును. రెండేండ్లు నిండునాటికి చేతిలో 97,600 మిగులును.

మూడవ లెక్క. లక్షన్నరయే కావలసివచ్చినది గాని, బ్యాంకులోనో పొదుపు సంఘములోనో నూటికి ఒక రూపాయి వడ్డీకి దొరకినది. రెండేండ్లకు మిగులు బాకీ సుమారు 1,650 మాత్రమే.

మూడు లెక్కలలోను చెమట ఒక్కటే, ఎండ ఒక్కటే. మొదటివానికి రెండేండ్ల తరువాత 64,000 అప్పు. రెండవవానికి 97,600 నిలువ. నడుమ తేడా 1,61,600 రూపాయలు. ఈ తేడా గల్ఫులో పుట్టినది కాదు, బయలుదేరక ముందు ముంబయిలోనే పుట్టినది. పడుగు పొడవు కొలవక మగ్గమునకెక్కించు నేతగాడు లేడు. వీసా విషయములోను అంతే జాగ్రత్త కావలెను.

4. ఖోలీ పావతీ తాకట్టు పెట్టరాదు

పల్లెలో భూమి తాకట్టు పెట్టుదురు. ఇచ్చట మనకు భూమి లేదు. ఉన్నది పగడీ ఖోలీ. అది పూర్తి సొంత ఆస్తి కాదు, కిరాయి హక్కు. ఆ హక్కునకు ఆధారము భాడా పావతీ. కామాటిపుర పాత ఇండ్ల పునర్నిర్మాణమునకు మ్హాడా పూనుకొన్న ఈ కాలములో, ఎవరు హక్కుదారు అను ప్రశ్న వచ్చినప్పుడు మొదట అడుగునది ఆ పావతీలనే. రెండేండ్ల వీసా కొరకు మూడు తరముల నీడను పరుల పెట్టెలో పెట్టుట తగదు. పావతీతోపాటు తెల్లకాగితము మీద సంతకము చేసి ఇచ్చుట మరింత ప్రమాదము. అప్పు తప్పనిసరియైనచో కొంత బంగారము బ్యాంకులో పెట్టవచ్చును. బంగారము పోయినను మరల కొనవచ్చును. పోయిన ఖోలీ మరల రాదు.

పైన చెప్పిన ఇల్లాలు లెక్క చూచి, పావతీ ఇంటికి తీసికొనిపోయినది. ఆమె భర్త నాలుగు నెలలు ఆగినాడు. ఆ వీసా పోయినదని బంధువులు నిందించినారు. తరువాత రిజిస్టరు అయిన ఏజంటు ద్వారా, తక్కువ అప్పుతో, ఒక గిడ్డంగిలో సామాను ఎత్తు పనికి పోయినాడు. జీతము ముందు చెప్పినదానికంటె కొంత తక్కువ. అయినను ఖోలీ వారిదే.

5. చట్టము ఏమి చెప్పుచున్నది

విదేశములకు పనికి పోవువారి రక్షణకై 1983లో ఎమిగ్రేషన్ చట్టము చేయబడినది. దానిలోని ముఖ్య విషయములు ఇవి:

ఒకటి. విదేశములకు పనివారిని పంపుటకు భారత ప్రభుత్వమువద్ద రిజిస్టరు అయిన ఏజంటుకు మాత్రమే హక్కు కలదు. అతనికి లైసెన్సు నంబరు ఉండును. ఆ నంబరు నిజమో కాదో ప్రభుత్వపు ఇ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూచుకొనవచ్చును. గల్లీలో తిరుగు సబ్ ఏజంటుకు చట్టములో చోటు లేదు, అతడు బంధువైనను, మన కులమువాడైనను.

రెండు. ఏజంటు తీసికొనదగిన సేవా రుసుము 30,000 రూపాయలకు మించరాదు. దానిపై నూటికి 18 పన్ను కలిపిన 35,400. ఇచ్చిన ప్రతి రూపాయికి రసీదు తీసికొనవలెను. రసీదు ఇవ్వనివాడు అడుగు సొమ్ము చట్టమునకు వెలుపలిదని గ్రహింపవలెను.

మూడు. పదవ తరగతి పూర్తిచేయనివారి పాస్‌పోర్టు ఇసిఆర్ తరగతికి చెందును. వారు గల్ఫు దేశములతో కూడ 18 దేశములకు పనికి పోవుటకు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయపు అనుమతి పొందవలెను. ఆ కార్యాలయము ముంబయిలో బాంద్రా-కుర్లా కాంప్లెక్సులోని విదేశ్ భవనములో ఉన్నది. పదవ తరగతి పూర్తిచేసినవారికి ఈ అనుమతి అక్కరలేదు. ఇది సౌకర్యమని కొందరు సంతోషింతురు. కాని వారి ఒడంబడికను ఆ కార్యాలయము పరీక్షింపదు. ఆ పరీక్ష వారే చేసికొనవలెను. చదువుకొన్నవానికి జాగ్రత్త ఇంకను ఎక్కువ కావలెను.

నాలుగు. అనుమతి పొంది పోవువారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన కలదు. 2017 నుండి ప్రమాదమున మరణించినను, శాశ్వతముగా అంగవైకల్యము కలిగినను 10 లక్షల రూపాయలు లభించునట్లు ఏర్పాటు చేసినారు. ప్రీమియము రెండేండ్లకు 275, మూడేండ్లకు 375 రూపాయలు. ఒక పూట సినిమా ఖర్చుతో పోవు సొమ్ము ఇది.

ఐదు. ఇసిఆర్ పాస్‌పోర్టు గల స్త్రీ ఈ దేశములకు ఇంటిపనికి పోవలెనన్నచో 30 ఏండ్లు నిండియుండవలెను. వయస్సు పెంచి వ్రాయించెదము, విజిటు వీసా మీద పంపెదము అను మాటలు ఎవరు చెప్పినను, ఆ మాటలు మన ఆడపడుచులకు ఆపద తెచ్చునవే.

6. వీసా పేర్లు, వాటి అర్థములు

కంపెనీ వీసా అనగా ఒక కంపెనీ పేర వచ్చి, అక్కడనే పనిచేయవలసిన వీసా. ఆజాద్ వీసా అనునది చట్టములో లేనే లేదు. ఒక కఫీలు పేర వీసా తీసికొని, మరియొకచోట పనిచేయుటకే ఆ పేరు పెట్టినారు. పట్టుబడినచో శిక్ష పనివానికి పడును. విజిటు వీసా చూచిపోవుటకే. దానిమీద పనిచేయుట నేరము. వీసా గడువు తీరినవారిని, కఫీలువద్దనుండి పారిపోయినవారిని మనవారు ఖల్లివల్లి అందురు. ఖల్లివల్లి అయినవానికి జీతము ఎగవేసినను అడుగు ధైర్యము ఉండదు, జబ్బు చేసినను ఆసుపత్రికి పోవుటకు భయము.

ఒడంబడికలో చూడవలసినవి: మూల జీతమెంత, ఓవరుటైము వేరుగా ఎంత, రోజుకు గంటలెన్ని, తిండి, వసతి ఎవరివి, తిరుగు టిక్కెట్టు ఎవరిది, పని ఏమిటి. ఏజంట్లు ఓవరుటైము కలిపి పెద్ద జీతము చెప్పుదురు. ఓవరుటైము దొరకని నెలలో మూల జీతమే చేతికి వచ్చును. కావున లెక్క ఎప్పుడును మూల జీతము మీదనే వేయవలెను. ఇంకొక సంగతి: అక్కడ మగ్గము పని లేదు. నేతలో ఇరువది ఏండ్ల అనుభవమున్నను, అక్కడ పోవునది హెల్పరుగానో, లోడరుగానో. ఆ సంగతి ముందుగా మనసులో ఒప్పుకొని పోవలెను.

7. ఇంటివద్ద ఉన్నవారి పద్దు

పోయినవాని చెమట నిలుచునా, కారిపోవునా అనునది ఇంటి పద్దు మీద ఆధారపడి ఉన్నది. బయలుదేరుటకు ముందే భార్య పేర బ్యాంకు ఖాతా తెరువవలెను. పాస్‌పోర్టు, వీసా, ఒడంబడిక, ఏజంటు రసీదు, బీమా పత్రము వీటి నకళ్లు ఒక సంచిలో ఇంటివద్ద ఉంచవలెను. నోటుపుస్తకములో నాలుగు గళ్లు గీచి, వచ్చిన సొమ్ము, ఇంటి ఖర్చు, వడ్డీ, అసలు అని నెల నెలా వ్రాయవలెను. అప్పు ఇచ్చినవానిచేత ప్రతి చెల్లింపునకు సంతకము పెట్టించుకొనవలెను. అప్పు తీరువరకు టి.వి. మార్చుట, పెండ్లిలో పెద్ద కట్నము చదివించుట మానవలెను. దుబాయి ఇల్లు అని చూడవచ్చినవారు చేబదులు అడుగుదురు; పుస్తకము తెరిచి చూపిన చాలును.

అక్కడ కష్టము వచ్చినచో ఇంటివారు భారత రాయబార కార్యాలయమునకు వ్రాయవచ్చును. 2015లో ఏర్పడిన మదద్ పోర్టలులో ఫిర్యాదు నమోదు చేయవచ్చును. దిక్కులేని స్థితిలో ఉన్నవారి టిక్కెట్టునకు, మృతదేహము తెప్పించుటకు రాయబార కార్యాలయములవద్ద 2009లో ఏర్పరచిన సంక్షేమ నిధి కలదు. గల్ఫులో మరణించిన కార్మికుని కుటుంబమునకు 5 లక్షల రూపాయల సహాయము తెలంగాణ ప్రభుత్వము 2024లో ప్రకటించినది. ముంబయిలో ఉన్నను స్వగ్రామపు ఆధారపత్రములు ఉంచుకొనుట ఇందుకే మంచిది.

8. తిరిగి వచ్చు రోజు

1990 ఆగస్టు 2న ఇరాకు సైన్యము కువైట్‌ను ఆక్రమించినది. కొన్ని వారములలోనే 1,70,000కు పైబడిన భారతీయులు తిరిగి రావలసివచ్చినది. జోర్డాను రాజధాని అమ్మాన్ నుండి ఎయిరిండియా విమానములు వారిని బొంబాయికి చేర్చినవి. బ్యాంకులలో సొమ్ము, రావలసిన జీతము అక్కడనే విడిచి కట్టుబట్టలతో దిగినవారు ఎందరో. తరువాత 1991లో ఐక్యరాజ్యసమితి ఒక పరిహార సంఘమును ఏర్పరచి, కువైట్, ఇరాకులను విడిచి రావలసివచ్చినవారికి పరిహారము చెల్లించినది. అప్పుడు అడిగినది ఒక్కటే: ఆ రోజులలో అక్కడ ఉండి, విడిచి వచ్చినట్లు కాగితము. కాగితము దాచుకొన్నవారికి అది అక్కరకు వచ్చినది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడును ఇదే జరిగినది. మే 7 నుండి వందే భారత్ విమానములలో వచ్చినవారిలో జీతబాకీ వదలుకొని వచ్చినవారు కలరు.

కావున పోవువాడు మొదటి దినమునుండియే తిరిగి వచ్చు దినమును లెక్కలో ఉంచుకొనవలెను. అప్పు తీరిన మరునెలనుండి అదే 7,000 రూపాయలను ఖర్చులో కలుపక, భార్య పేర బ్యాంకులో వేయుచుండవలెను. తిరిగి వచ్చిననాడు ఏమి చేయవలెనో, మగ్గమో, సాంచానో, చిన్న దుకాణమో, అది ఇద్దరును కలిసి ముందే నిర్ణయించుకొనవలెను.

అభ్యాసము

ఇంటిల్లిపాది కూర్చుండి ఈ ప్రశ్నలకు తమ అంకెలతో జవాబులు వ్రాయవలెను.

1. వీసాకు అడిగిన మొత్తమెంత? అందులో రసీదు వచ్చునది ఎంత, రానిది ఎంత?
2. వడ్డీ నెలకు ఎంత? సంవత్సరమునకు నూటికి ఎంత?
3. మూల జీతములో తిండి, చిల్లర ఖర్చులు, ఇంటి ఖర్చు పోగా అప్పుకు నెలకు ఎంత కట్టగలము?
4. ఆ చొప్పున అప్పు ఎన్ని నెలలకు తీరును? కంట్రాక్టు ఎన్ని నెలలు?
5. రెండు నెలలు జీతము రాకున్నచో ఇల్లు ఎట్లు గడచును?
6. ఏజంటు లైసెన్సు నంబరు ఎవరు సరిచూచినారు?

నాల్గవ ప్రశ్నలో అప్పు నెలలు కంట్రాక్టు నెలల కంటె ఎక్కువగా తేలినచో ఆ వీసా తీసికొనరాదు. లెక్క వేయుట రానివారు ఆదివారము ఉదయము సంఘము కార్యాలయమునకు రావచ్చును. పోవువాడు ఒక్కడే కాక, ఇల్లాలిని కూడ వెంట తీసికొని రావలెనని మనవి. పుస్తకము ఆమె చేతిలో ఉండవలసినది కదా.